నవ్వించే వేలం, ఏడిపించే తండ్రి

ఆడవాళ్ళ మీద కక్షని ఫోన్లలో పంచిపెట్టేవాళ్ళ దగ్గర రెండు బాణీలున్నాయి. ఒకటి నవ్విస్తుంది, ఒకటి ఏడిపిస్తుంది. నవ్వించేదాని మీద కేసులు పడ్డాయి, పేపర్లు సంపాదకీయాలు రాశాయి, ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్ళు జైలుకెళ్ళొచ్చారు. ఏడిపించేదాన్ని అల్లవరం నుంచి అమలాపురం వెళ్ళే బస్సులో స్పీకరు పెట్టి మరీ వింటారు. పక్కసీటాయన సౌండు తగ్గించమనడు సరికదా, "నాకూ పంపండి" అంటాడు.

రెంటినీ తీవ్ర మితవాదం (ఫార్ రైట్) అనే ఒక్క గాటన కట్టేసి తిట్టి ఊరుకోవడం సులువు. చాలామంది చేస్తున్నది అదే. నాకు మాత్రం వీటిని రచనల్లాగే చదవాలనిపించింది. ఎవరు రాస్తున్నారు, ఎవర్ని చూసి నవ్వమంటున్నారు, ఎవరికోసం ఏడవమంటున్నారు? అలా చదవడానికి కూర్చుంటే పక్కన పెట్టుకోదగ్గ నాటకాలు రెండు మన దగ్గరే ఉన్నాయి. వేలానికి గురజాడ 'కన్యాశుల్కం', తండ్రి కన్నీళ్ళకి కాళ్ళకూరి నారాయణరావు 'వరవిక్రయం'. ఈ వాట్సాప్ రాతల పక్కన వాటిని పెట్టడం ఆ మహానుభావులకి అవమానం కాదా అని ఎవరైనా అడగొచ్చు. ఆడపిల్లకి ధర కట్టడం గురించి తెలుగులో వాళ్ళకంటే బాగా రాసినవాళ్ళు లేరు. అందుకే పెడుతున్నాను.

ముందు వేలం సంగతి.

2021 జూలైలో 'సుల్లి డీల్స్' అనేది ఒకటి గిట్‌హబ్‌లో తేలింది. గిట్‌హబ్ అంటే ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ కోడు దాచుకుని, నలుగురితో పంచుకునే చోటు. 2022 జనవరి 1న, కొత్త సంవత్సరం కానుకలాగా, 'బుల్లి బాయి' వచ్చింది. రెండు పేర్లూ ముస్లిం స్త్రీలను తిట్టే మాటల్లోంచి తీసినవే. బటన్ నొక్కితే ఒక ముస్లిం స్త్రీ ఫొటో వస్తుంది, ఇవాళ నీకు తగిలిన బేరం ఇదీ అంటూ. నిజానికి అమ్మకం లేదు, కొనడం లేదు, డబ్బు ఊసే లేదు. అంతా వేళాకోళం. వాళ్ళ రక్షణ కూడా అదే: సరదాకి చేశాం, దానికింత రాద్ధాంతమా అని.

ఆ జాబితాల్లో ఎవరున్నారో చూస్తే సరదా ఏపాటిదో తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఎన్నో ఏళ్ళుగా సేవా కార్యక్రమాలు చేస్తున్న ఖాలిదా పర్వీన్ ఫొటో పెట్టారు. ఆవిడకి అరవై దాటాయి. 2016లో జెఎన్‌యూ హాస్టల్ నుంచి మాయమైన నజీబ్ తల్లి ఫాతిమా నఫీస్ ఫొటో పెట్టారు. కొడుకు కోసం ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన ముసలి తల్లి ఆవిడ. మిగిలిన వాళ్ళు జర్నలిస్టులు, లాయర్లు, ఒక విమానం పైలట్. ఇందులో కామం వెతికితే దొరకదు. అందం చూసి ఏరిన జాబితా కాదిది, గొంతు చూసి ఏరింది. ఎవరు నలుగురిలో మాట్లాడతారో వాళ్ళనే ఎంచి బజారులో నిలబెట్టారు.

పట్టుబడ్డవాళ్ళలో ఎక్కువమంది వయసులు పద్దెనిమిది నుంచి ఇరవై ఆరు లోపు. ఇండోర్, బెంగళూరు, అస్సాంలోని జోర్హాట్. ఉత్తరాఖండ్ నుంచి ఒక అమ్మాయి కూడా. సిక్కుల పేర్లు పెట్టుకుని ఖాతాలు తెరిచారని పోలీసులు చెప్పారు, నింద అటు పోవాలని. ఈ కుర్రాళ్ళు తిరిగే గుంపులకి 'ట్రాడ్' అని ముద్దుపేరు ఉంది. అధికారంలో ఉన్న పార్టీ కూడా వాళ్ళ లెక్కలో మెతకదే. ఆ పార్టీ అభిమానుల్ని 'రైతా' అని వెక్కిరిస్తారు, అంటే పెరుగుపచ్చడి. కులం కట్టుబాటు, ఆడవాళ్ళ అణకువ పాతరోజుల్లో ఉన్నట్టు తిరిగి రావాలన్నది వాళ్ళ కోరిక. ఆ పాతరోజులు మాత్రం అమెరికా నుంచి దిగుమతి అయ్యాయి. అక్కడి తెల్లజాతి కుర్రాళ్ళు వాడే పెపె అనే కప్ప బొమ్మకే కాషాయం పూసి, బొట్టు పెట్టి వాడుకుంటారు. సనాతనానికి సొంత కప్ప కూడా లేకపోయింది.

దిగుమతి బొమ్మలతోనే ఆగలేదు. 2011లో నార్వేలో 77 మందిని చంపినవాడు వదిలిన పొడవాటి రాతలో స్త్రీవాదం మీద పేజీలకి పేజీలున్నాయి. 2019లో న్యూజీలాండ్ క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో కాల్పులు జరిపినవాడి రాత జననాల రేటు గోలతోనే మొదలవుతుంది. అదే ఏడాది జర్మనీలోని హాలె ఊళ్ళో యూదుల ప్రార్థనామందిరం మీదికి వెళ్ళినవాడు, స్త్రీవాదం వల్లే పిల్లలు తగ్గిపోయారని కెమెరా ముందు చెప్పి మరీ బయల్దేరాడు. ముగ్గురిదీ ఒకటే లెక్క. మన ఆడవాళ్ళు తక్కువ కంటున్నారు, వాళ్ళ ఆడవాళ్ళు ఎక్కువ కంటున్నారు. ఆడదాని కడుపు అంటే జనాభా లెక్కల పుస్తకంలో ఒక గడి. మన వేలం కుర్రాళ్ళు తుపాకీ పట్టలేదు, ఆ తేడా చిన్నది కాదు. కానీ ఆడవాళ్ళని 'మనవాళ్ళు', 'వాళ్ళవాళ్ళు' అని రెండు కుప్పలు పోసే లెక్క మాత్రం ఆ పుస్తకంలోదే.

ఇక గురజాడ. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. ఆ మొదటి కూర్పుకి ఆయన రాసిన ఇంగ్లీషు ముందుమాటలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు మూడేళ్ళకి చేయించిన లెక్కలో కన్యాశుల్కం పెళ్ళిళ్ళు 1,034. పెళ్ళినాటికి అయిదేళ్ళున్న పిల్లలు 99 మంది, నాలుగేళ్ళున్నవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు. బుల్లి బాయి వేలం ఉత్తుత్తిది. ఇది నిజం వేలం, ధర రాసి ఉంది. ఇలాంటి దాని మీద ఎవరైనా నవ్వించగలరా? గురజాడ నవ్వించాడు. నూటపాతికేళ్ళు దాటినా ఇంకా నవ్వుతూనే ఉన్నాం.

ఎవర్ని చూసి? లుబ్ధావధాన్లుని చూసి, అగ్నిహోత్రావధాన్లుని చూసి. కొనేవాణ్ణీ అమ్మేవాణ్ణీ చూసి. ఆడపిల్ల వేషం కట్టిన కుర్రాణ్ణి ముసలాడికి కట్టబెట్టినప్పుడు ప్రేక్షకుడు పడీపడీ నవ్వేది ఆ ముసలాడి ఆశ మీద. అమ్మకానికి పెట్టిన సుబ్బి మీద ఒక్క వేళాకోళం లేదు, ఆమె అక్క బుచ్చమ్మ వైధవ్యం మీద లేదు. నాటకమంతా ఎవరి పెళ్ళి గురించి నడుస్తుందో ఆ సుబ్బికి నోరే దాదాపు లేదు, అది నాటకంలో లోపమేనని నా అభిప్రాయం. గురజాడ ఆ నోరు తెచ్చి వేశ్య మధురవాణికిచ్చాడు. బజారులో ధర పలికే మనిషి ఆవిడొక్కతే, నాటకంలో అందరికంటే తెలివైన మాట కూడా ఆవిడదే. బజారులో ఉన్న స్త్రీకి గురజాడ మాట ఇచ్చాడు. వేలం కుర్రాళ్ళు మాట ఉన్న స్త్రీలని ఏరి బజారుకీడ్చారు.

ఇంతవరకూ చెప్పింది తేలిక భాగం. ఆ వేలం పేజీల్ని చూసి అసహ్యపడనివాడు మా వైపు తక్కువ. చెబితే, "ఛీ, ఎవరో ఉత్తరాదివాళ్ళండి" అంటారు. నా పేచీ రెండో బాణీతో.

బస్సులో విన్నది చెబుతాను. కొబ్బరి ఈనెల చీపుళ్ళు కట్ట కట్టుకుని అమలాపురం బజారుకి పోతున్న ఒకావిడ చేతిలో ఫోను. తెరమీద ఒక నెరిసిన జుట్టాయన చిన్నపిల్ల వేలు పట్టుకుని ఇసకలో నడుస్తున్న బొమ్మ, మీద పసుపుపచ్చ అక్షరాలు. వెనక ఏడుపు సంగీతం. ఒక గొంతు దీర్ఘాలు తీస్తూ చదువుతోంది: చిటికెనవేలు పట్టి నడిపించిన నాన్న, చిరిగిన చెప్పులేసుకుని ఫీజులు కట్టిన నాన్న, ఇరవై ఏళ్ళు పెంచిన నాన్నని ఇరవై రోజుల పరిచయం కోసం వదిలేసిన కూతురు. చివర్న పదిమందికి పంపమని. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని నావైపు తిరిగింది. "ఏం పిల్లలండీ బాబూ, కన్నోళ్ళ ఉసురు పోసుకుంటన్నారు." నేను కాదనలేదు, అవుననలేదు. ఆవిడ కన్నీళ్ళు నిజం కాబట్టి.

ఇంటికొచ్చాక తట్టింది, ఆ వీడియోలో తల్లి లేదు. ఈ తరహావి చూడగా చూడగా అర్థమైంది, ఎందులోనూ ఉండదు. ఉన్నా మంచమ్మీద మూలుగుతూ ఒక మూల ఉంటుంది. తొమ్మిది నెలలు మోసి కన్నది, చీపుళ్ళమ్మి ఫీజు కట్టింది ఎక్కువచోట్ల తల్లే కదా. పరువు మాత్రం తండ్రిది కాబట్టి కరుణ కూడా తండ్రికే.

ఈ బాణీకి తెలుగులో మూలగ్రంథం ఉందంటే అది మిర్యాలగూడలో మొదలైంది. 2018 సెప్టెంబర్ 14న, ఆస్పత్రి నుంచి బయటికొస్తున్న పెరుమాళ్ళ ప్రణయ్‌ని గర్భిణిగా ఉన్న భార్య అమృత పక్కనుండగానే వెనకనుంచి వచ్చినవాడు నరికేశాడు. ప్రణయ్ దళితుడు, అమృత వైశ్యుల అమ్మాయి. చంపించింది ఆమె తండ్రి మారుతీరావు అని, కోటి రూపాయలకి బేరం కుదిరిందని పోలీసులు చెప్పారు. అంతకు దాదాపు ఆరునెలల ముందే, మార్చి 27న, శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి జంటలకి రక్షణ ఎలా ఇవ్వాలో రాష్ట్రాలకి వివరంగా చెప్పి ఉంది. సీసీ కెమెరాలో పడ్డ హత్య వారం తిరక్కుండా ప్రతి ఫోనులోకీ వచ్చింది.

ఆ తర్వాత జరిగింది విమర్శకుడు చదవాల్సిన సంగతి. హతుడి కథగా మొదలైంది హంతకుడి విషాదంగా మారిపోయింది. ప్రణయ్, అమృతల రిసెప్షన్ వీడియోని తవ్వి తీసి, చూడండి ఎలా నవ్వుతోందో అన్నారు. స్కూల్లోనే ప్రేమేమిటన్నారు. పెంచిన తండ్రి గుండెకోత ఆమెకేం తెలుసన్నారు. 2020 మార్చిలో మారుతీరావు హైదరాబాద్‌లో ఆర్యవైశ్య భవన్‌లో చనిపోయి కనిపించాడు. కూతుర్ని తల్లి దగ్గరికి వెళ్ళమంటూ చీటీ రాసి పెట్టాడు. కడసారి చూడటానికి అమృత పోలీసుల తోడుతో శ్మశానానికి వెళ్తే, వెనక్కి పొమ్మని నినాదాలు చేశారు. చూడకుండానే వెనుదిరిగింది. మూడు నెలలకి, సరిగ్గా ఫాదర్స్ డే నాడు, రామ్‌గోపాల్ వర్మ 'మర్డర్' అని ఒక సినిమా ప్రకటించాడు. పేరు కింద 'కుటుంబ కథా చిత్రం' అని రాయించాడు. అమృత కోర్టుకెక్కింది, సినిమా కొన్నాళ్ళు ఆగింది, పేర్లు వాడకూడదన్న షరతుతో ఏడాది చివర విడుదలైంది. సినిమా విడుదలకి ఫాదర్స్ డే అక్కర్లేకపోయింది, ప్రకటనకి మాత్రం కావాల్సొచ్చింది. వర్మకి సంత ఎక్కడుందో తెలుసు.

ఇక్కడ 'వరవిక్రయం' తీయాలి. 1920ల మొదట్లో వచ్చిన నాటకం. 1939లో సినిమా అయింది, కాళిందిగా భానుమతికి అదే మొదటి వేషం. పురుషోత్తమరావుకి ఇద్దరు కూతుళ్ళు, కాళింది, కమల. పెద్దదాని కట్నం కోసం ఆయన భూములమ్ముకోవడానికి సిద్ధపడతాడు. తండ్రి చితికిపోవడం చూడలేక కాళింది ప్రాణం తీసుకుంటుంది. అక్కడిదాకా ఇది కూడా తండ్రి కన్నీళ్ళ కథే. తండ్రి పరువు కోసం కూతురు చస్తే జనం జేజేలు కొట్టడం కాళ్ళకూరికీ తెలుసు, ఆ పాఠం ఆయన వాడుకున్నాడు కూడా. నాటకం అక్కడ ఆపేసి ఉంటే ఇవాళ బస్సులో వింటున్న వీడియోకి తాత అయ్యేది.

ఆయన ఆపలేదు. కమలని లేపాడు. అక్కకి అనుకున్న అదే పెళ్ళికొడుకుని, అదే కట్నానికి, కమల చేసుకుంటుంది. చేసుకున్నాక అత్తారింటికి పోనంటుంది. డబ్బిచ్చి కొన్నాం, కొన్న వస్తువు కొన్నవాళ్ళ ఇంటికి రావాలి గదా అంటుంది. వ్యవహారం కోర్టుకెళ్తుంది. ఏడ్చి ఏడ్చి ఉన్న ప్రేక్షకుడు ఒక్కసారి నవ్వు మొదలెడతాడు, కట్నం పుచ్చుకున్న సింగరాజు లింగరాజు మొహం చూసి. తండ్రి కన్నీళ్ళని కాళ్ళకూరి కూతురి నోటిదాకా మోసుకొచ్చాడు. ఆఖరి మాట కమలది.

మిర్యాలగూడ కథని తిరగరాసినవాళ్ళు చేసిన పని దీనికి తలకిందులు. వాళ్ళ చేతిలో కన్నీళ్ళు కూతురి నోరు మూయడానికి పనికొచ్చాయి. ఆమె మాట్లాడిన ప్రతిసారీ తండ్రి ఫొటో ఎదురుపెట్టారు. మొగుణ్ణి పోగొట్టుకున్న పిల్ల ఏడుపుకి కన్నీళ్ళ లెక్కలో చోటే దొరకలేదు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు తీర్పు చెప్పింది. రెండో ముద్దాయికి ఉరి, మిగిలిన ఆరుగురికి యావజ్జీవం. తీర్పు వార్తల కింద కూడా ఆ పాత శోకమే వినిపించింది.

ఇది కులం సంగతి, దీన్ని తీవ్ర మితవాదంతో ముడిపెట్టడం ఏమిటని అభ్యంతరం రావచ్చు. ముడి నేను వేసింది కాదు. 2023 మేలో వచ్చిన 'ది కేరళ స్టోరీ' ఇదే బాణీ పెద్ద తెరమీద. కూతురు మోసపోయింది, ఇల్లు కుమిలిపోయింది. ఇలా మతం మార్చిన అమ్మాయిలు 32,000 మందని ప్రచారంలో చెప్పి, నిలదీసేసరికి ముగ్గురని మార్చారు. అంతకు మూడేళ్ళ ముందే, 2020 ఫిబ్రవరిలో, ఇలాంటి కథలకి పెట్టిన లవ్ జిహాద్ అనే పేరుకి చట్టంలో నిర్వచనం లేదని, అలాంటి కేసు ఉన్నట్టు కేంద్ర సంస్థలేవీ చెప్పలేదని లోక్‌సభకి జవాబిచ్చింది కేంద్రమంత్రి కిషన్‌రెడ్డి. మనవాడే, అధికార పార్టీవాడే. జవాబు లోక్‌సభ రికార్డుల్లో ఉండిపోయింది, ఏడుపు ఊరూరా తిరిగింది. హాదియా సంగతి సరేసరి. మతం మారి ముస్లింని చేసుకున్న ఇరవై నాలుగేళ్ళ డాక్టరు చదువు పిల్లని 2017లో కేరళ హైకోర్టు పెళ్ళి రద్దు చేసి అమ్మానాన్నలకి అప్పగించింది. మరుసటేడు మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసేదాకా ఆ పిల్ల ఒక దస్తావేజులాగా చేతులు మారింది.

ఇంకో కేసుని వీటి పక్కన పెట్టి చూస్తే ఈ కన్నీళ్ళకి ఎంత ఎంపిక ఉందో తెలుస్తుంది. 2022 మే 4న హైదరాబాద్ సరూర్‌నగర్‌లో బిల్లాపురం నాగరాజుని నడిరోడ్డు మీద చంపారు. అతనూ దళితుడే. భార్య అశ్రిన్ సుల్తానా ముస్లిం, చంపింది ఆమె అన్న, అతని తోడు ఇంకొకడు. ఆమె అడ్డం పడింది, చుట్టూ ఉన్నవాళ్ళని బతిమాలింది, చాలామంది చూస్తూ నిలబడ్డారు. చెల్లెలు తమ సొత్తు అన్న నమ్మకం ఏ ఒక్క మతం పేటెంటూ కాదని ఇంతకంటే రుజువేం కావాలి? కానీ హిందుత్వ నాయకులకి, వాళ్ళ అభిమానులకి నాగరాజు మరణం హిందువు మరణం అయింది. ప్రణయ్ అప్పుడు ఎవరి మనిషి? రెండుచోట్లా చచ్చింది దళిత కుర్రాడే, మొగుణ్ణి కాపాడుకోలేకపోయింది ఆడపిల్లే. ఒకచోట అన్నని తిట్టారు, ఒకచోట తండ్రి కోసం ఏడ్చారు.

ఆ నెలలోనే, ఇరవై రోజులకి, మా దగ్గర మంటలు లేచాయి. 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడ్డ కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకు మే 24న అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. బస్సులు కాలాయి. కబురు వాట్సాప్ గ్రూపుల్లో నడిచిందని పోలీసులే చెప్పారు. ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటినుంచి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని యానాం వైపు, గోదావరి గట్లవైపు పరిగెత్తారు. తర్వాత ఆ పేరే ఖాయమైంది.

ఆ గొడవ ఆడవాళ్ళ గురించి కాదు. పేరు గురించి. కానీ ఆ పేరుగల మనిషి 1916లో, పాతికేళ్ళ వయసులో, కొలంబియా విశ్వవిద్యాలయంలో కులం మీద చదివిన పత్రం ఒకటుంది. కులానికి ప్రాణం బయటి పెళ్ళిళ్ళు లేకుండా చూసుకోవడంలో ఉందని, సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం దాన్ని కాపాడటానికి అల్లుకున్న కట్టుబాట్లని అందులో వాదించాడు. అంటే కులం గోడకి ఆడపిల్లే ఇటుక. సుబ్బి, బుచ్చమ్మ ఎందుకు అమ్మకానికొచ్చారో, మిర్యాలగూడలో కత్తి ఎందుకు లేచిందో, బస్సులో నాన్న ఎందుకు ఏడుస్తున్నాడో మూడూ ఆ ఒక్క వాదంలో పడతాయి. జిల్లా పేరు ఒప్పుకోనివాళ్ళలో ఆ పత్రం చదివినవాళ్ళుంటారని నేననుకోను. ఒప్పుకున్నవాళ్ళలోనూ, తమ ఇంటి పిల్ల తమకంటే కింద అనుకునే కులం కుర్రాణ్ణి తెస్తే ఆ నాన్న వీడియోనే పంపేవాళ్ళు లేకపోలేదు. మెట్లు ఎన్నున్నా ప్రతి మెట్టు మీదా ఒక తండ్రి నిలబడి ఏడుస్తుంటాడు.

అందుకే నా తీర్పు ఏడుపుకి వ్యతిరేకంగానే. వేలం వేసినవాడు ముసుగేసుకున్నాడు, దొంగపేరు పెట్టుకున్నాడు, అంటే అది తప్పని వాడికీ తెలుసు. నాన్న వీడియో పంపేవాడు తన సొంత పేరుతో, పెళ్ళాం పిల్లలతో దిగిన ఫొటో మీద, పొద్దున్నే శుభోదయం వెనకాలే పంపుతాడు. వేలానికి బలయ్యేది బయటి ఆడవాళ్ళు, ఏడుపుకి బలయ్యేది సొంత ఇంటి పిల్ల. వేలాన్ని పట్టుకోవడానికి సెక్షన్లున్నాయి, సైబర్ పోలీసులున్నారు. తండ్రి ప్రేమ మీద ఏ సెక్షను పెడతారు? నవ్వు మోటుగా ఉంటుంది కాబట్టి దాన్ని గుర్తుపట్టి కోప్పడతాం. కన్నీళ్ళు చూస్తే చెయ్యి దానంతటదే జేబురుమాలుకి పోతుంది.

నవ్వే నయమని నేననడం లేదు. ఖాలిదా పర్వీన్‌ని అడిగితే ఆవిడ లెక్క వేరుగా ఉంటుంది, ఉండాలి. అయితే గురజాడ నవ్వుకి వారసులు మనకి ఇప్పటికీ ఉన్నారు, వేలం కుర్రాళ్ళని అదే నవ్వుతో ఎదుర్కొన్నవాళ్ళున్నారు. కమలకి మాత్రం వారసురాలు తెరమీద కనిపించడం లేదు. కూతురు వైపునుంచి, దీర్ఘాలు తియ్యకుండా, పదిమందికి పంపేలా ఎవరైనా చేసిన వీడియో ఒక్కటి ఈ బస్సులో ఇంతవరకూ వినలేదు.

నిజం కమలలు మాత్రం ఇక్కడే ఉన్నారు. అల్లవరం, ఓడలరేవు, బెండమూర్లంక, కొమరగిరిపట్నం, ఏ ఊరు తీసుకున్నా కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపని చేసే ఆడవాళ్ళుంటారు. గుమ్మం దాటితే పరువు పోతుందని ఏడ్చే నాన్నల ఊళ్ళే ఇవన్నీ. పరాయి మగాడితో పక్కవీధికి పోతే ఉసురు పోసుకోవడం అయింది. సముద్రం దాటి, ముక్కూమొహం తెలియని షేకు ఇంట్లో రెండేళ్ళు ఉండిపోతే త్యాగం అయింది. గుమ్మం ఒకటే, దాటడమూ ఒకటే. మొదటిసారి దాటినప్పుడు డబ్బు రాదు, రెండోసారి నెలనెలా వస్తుంది. ఆ తేడా ఏ కరుణరస వీడియోలోనూ చెప్పరు.

ప్రభుత్వం కూడా తండ్రి పాత్రలోనే ఉంది. చదువు తక్కువున్న ఆడవాళ్ళు ముప్ఫై నిండకుండా గల్ఫ్ దేశాలకి ఇంటిపనికి పోకూడదని నిబంధన. కాపాడాలనే పెట్టారు. అవసరం వయసు చూసుకుని రాదు కాబట్టి, ఏజెంటు విజిట్ వీసా తెస్తాడు, ఆమె ఆ దారిన పోతుంది, అక్కడ కొట్టినా తిట్టినా లెక్కల్లో లేని మనిషి అవుతుంది. కాళింది తండ్రి భూములమ్మితే చూడలేకపోయింది. వీళ్ళు తండ్రి అమ్మిన భూమిని తిరిగి కొనిపెడుతున్నారు, చెల్లెలి కట్నం కడుతున్నారు, శ్లాబు ఇల్లు లేపుతున్నారు. ఇంట్లో ఉన్న ఫోను వాళ్ళు పంపిందే, దానికి రీచార్జి వాళ్ళదే. ఆ ఫోనులోంచే కుటుంబం గ్రూపులోకి నాన్న వీడియో వస్తుంది, అది ఐమో యాప్‌లో కాల్ చేసి పిల్లల్ని చూసుకునే వేళకి గల్ఫ్‌లో వాళ్ళ ఫోనులోనూ మోగుతుంది, గుమ్మం దాటిన ఆడపిల్లల గురించి.